మమ్మల్ని కొన్న అవ్వ

గద్వాల పాత బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు కొట్టే షాపులో నిలబడి ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఫోటో ఉంది. పింఛను కోసం ఎప్పుడో దిగింది. అందులో అవ్వ ఫోటో తీసేవాణ్ణి తిట్టడానికి నోరు తెరుస్తున్నట్టు ఉంటుంది. పైన శ్రద్ధాంజలి అని పడింది. దండ బొమ్మ పడింది, రెండు పక్కలా రెండు దీపాలు పడ్డాయి. షాపతను కీబోర్డు మీద వేళ్ళు పెట్టుకుని అడిగాడు.

"పేరేం కొట్టాలె సార్?"

మాలో ఒకాయన పత్తి విత్తనాల ఆర్గనైజరు. కంపెనీకీ రైతుకూ మధ్య నిలబడి ఇద్దరికీ నచ్చజెప్పే పని. ఇంకొకాయన వకీలు. నేను ఆర్టీసీలో కంట్రోలరుగా చేసి రిటైరైనవాణ్ణి. అంటే బస్టాండులో మైకు పట్టుకుని వనపర్తి బస్సు ఎక్కడుందో, నాగర్‌కర్నూల్ బస్సు ఎందుకు రాలేదో చెప్పేవాణ్ణి. ముగ్గురం నోరు పెట్టి బతికినవాళ్ళమే. ఆ మూడు నోళ్ళలో ఒక్కదానికీ అవ్వ పేరు తెలియదు.

అవ్వ మనుమరాలికి ఫోన్ చేశాం. "యే పేరు గావాలె సార్? ఆధార్ల ఒకటున్నది, పింఛన్ల ఒకటున్నది, చర్చిల ఇంకోటున్నది," అంది ఆ పిల్ల. ఇందులో అసలుది ఏది అని వకీలు అడిగాడు. కోర్టు అలవాటు ఎక్కడికి పోతుంది. "యే పేరుకు పలుకకపోతుండె సార్ అవ్వ. అవ్వా అంటెనే పలుకుతుండె," అంది.

చివరికి "మా అవ్వ" అని కొట్టించాం. కింద శోకతప్త హృదయాలతో అని మా ముగ్గురి పేర్లు. అవి అవ్వ ఫోటో కంటే పెద్దగా వచ్చాయి. మంచి పేర్లు, వినసొంపైనవి. అయితే వాటిలో ఒక్కటి కూడా అవ్వ మాకు పెట్టింది కాదు. అవ్వ పెట్టినవి మేం ఎన్నడో మార్పించుకున్నాం. ఆమె మూడు పేర్లలో ఏదో ఒకటి ఇక్కడ రాయవచ్చు గానీ రాయను. బతికినన్నాళ్ళు ఎవరూ పిలవని పేరుతో ఇప్పుడు పిలిస్తే ఎవర్నిరా పిలుస్తున్నవ్ అంటుంది.

మా ఊరు అయిజకు దగ్గర. నాకు ముందు మా అమ్మకు ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. పుట్టినవాళ్ళు నిలవని ఇంట్లో మా వైపు ఒక పద్ధతి ఉండేది. పిల్లవాణ్ణి చాటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద పెట్టి వస్తారు. కింది వాడ నుంచి ఒక కూలామె ఏదో పని మీద పోతున్నట్టు అటు వస్తుంది. "ఎవరు పారేసిండ్రమ్మా గీ పోరన్ని? నాకమ్ముతరా?" అంటుంది. తల్లి కొంగులో పిడికెడు తవుడు పోసి పిల్లవాణ్ణి కొనుక్కుంటుంది. ఎత్తుకుని ఒక పనికిరాని పేరు పెడుతుంది. అప్పుడు తల్లి చాటెడు జొన్నలు పోసి తన బిడ్డను తనే మళ్ళీ కొనుక్కుని ఇంటికి తెచ్చుకుంటుంది. పిడికెడు తవుడుకు చాటెడు జొన్నలంటే ఇంత లాభం ఏ సీడు కంపెనీ కూడా ఇవ్వదని మా ఆర్గనైజరు ఇప్పటికీ అంటుంటాడు.

అట్లా నేను పెంటయ్యనయ్యాను. ఆర్గనైజరు తిప్పన్న. తిప్ప అన్నా పెంటకుప్పే, రాయచూరు దగ్గరి ఊరు కాబట్టి కాస్త కన్నడం కలిసింది. వకీలు పుల్లయ్య, తిని పారేసిన పుల్లాకు, అంటే ఎంగిలి విస్తరి. యముడు వస్తాడు, చూస్తాడు. ఇది పెద్దింటి బిడ్డ కాదు, కూలోళ్ళ పోరడు, అదీ పెంట మీద దొరికినవాడు, పేరు కూడా పెంటే, ఇంత దూరం వచ్చింది దీనికోసమా అని వెనక్కి పోతాడు. అదీ లెక్క. యముడికి కూడా కులం పట్టింపు ఉందని మా పెద్దల నమ్మకం. ఈ మాట ఎవరూ పైకి అనలేదు గానీ, పద్ధతి అంతా దానిమీదే నిలబడి ఉంది.

మా ఊళ్ళో ఈ కొనే పని చాలా ఏళ్ళు అవ్వదే. ఆమె కొన్నవాళ్ళు నిలిచారు, చేయి మంచిదన్న పేరొచ్చింది. పక్క ఊళ్ళవాళ్ళు కూడా బండి కట్టుకుని చంటిపిల్లలతో వచ్చేవారు. అవ్వ పొట్టి మనిషి. పొద్దంతా పత్తి చేలల్లో పనిచేసి సాయంత్రం వాడకు పోతూ కూడా గొంతు తగ్గేది కాదు. ఊళ్ళో ఆ వాడవాళ్ళు మమ్మల్ని "నువ్వు" అని కూడా అనని రోజులవి. అవ్వ ఒక్కతే "ఒరేయ్" అనేది. కొన్నది కదా. మా నాయన కూడా కాదనలేకపోయేవాడు. కాదంటే అమ్మకం చెల్లదు, అమ్మకం చెల్లకపోతే యముడికి లెక్క తెలిసిపోతుంది.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. మేం ఎక్కడ కనబడ్డా తల వంచమనేది. వంచితే నడినెత్తి మీద ముక్కు పెట్టి గట్టిగా వాసన చూసేది. "ఇంకా పెంట వాసన పోలేదురో," అని వదిలేది. అది దీవెనో వెక్కిరింతో నాకు ఇప్పటికీ తెలియదు. వకీలును ఒకసారి గద్వాల కోర్టు ముందర, నల్లకోటు మీద ఉండగా, కక్షిదారు పక్కన ఉండగా పట్టుకుంది. పుల్లయ్య గారికి చిన్నప్పుడు, యముణ్ణి ఏమార్చడానికే, ముక్కు కూడా కుట్టించారు, ఆ చిల్లు మచ్చ ఇంకా ఉంది. అవ్వ తల వాసన చూసి, ముక్కు మచ్చ తడిమి, "పోగు యాడ పారేసినవ్‌రా?" అంది. కక్షిదారు తర్వాత వేరే వకీలును పెట్టుకున్నాడని ఆయన చెప్పుకుంటాడు. కేసు బలహీనమై పోయాడో, దీనివల్ల పోయాడో నేను చెప్పలేను.

పదో తరగతి పరీక్షకు పేర్లు రాయించే రోజు మా హెడ్మాస్టరు నన్ను పిలిచి, "పెంటయ్య అని రాస్తే రేపు నీకు ఉద్యోగం ఎవడిస్తడురా?" అన్నాడు. ఆయనే ప్రభాకర్ అని రాశాడు. ఇంటికి పోయి చెబితే మా నాయన సరే అన్నాడు, మా అమ్మ మాత్రం భయపడింది. పదిహేనేళ్ళు వచ్చాక కూడా యముడు హాజరుపట్టీ చూస్తాడని ఆమె భయం. అవ్వను అడిగొచ్చింది. "బడిల ఏమన్న రాస్కోమను. నేనైతె పెంటిగా అనే పిలుస్త, సాలు," అందట అవ్వ. ఆ మాట ఆమె తు.చ. తప్పకుండా నిలబెట్టుకుంది. నేను బస్టాండులో మైకు పెట్టుకుని "అయిజ మీదుగా రాయచూరు పోవు ప్రయాణికులకు మనవి" అని గొంతు సవరించుకుంటుంటే, ప్లాట్‌ఫారం మీద నుంచి మైకు లేకుండానే వినబడేది.

"ఓ పెంటిగా! నా బస్సు ఎప్పుడొస్తదిరా?"

ఆ తర్వాత డిపోలో కండక్టర్లంతా నన్ను పెంటన్నా అనడం మొదలుపెట్టారు. డిపో మేనేజరు ఒక్కడే ప్రభాకర్ అనేవాడు, అదీ మెమో ఇచ్చేటప్పుడు.

పేరు గొప్ప, ఊరు దిబ్బ అని సామెత. అవ్వ దాన్ని మాకోసం తిరగేసింది. "మీ పేరు దిబ్బ. గందుకే ఊరు గొప్పగున్నది," అనేది మా కార్లూ మేడలూ చూసి.

బస్సు రావడం ఆలస్యమైతే నా గది ముందర సిమెంటు బెంచీ మీద కూర్చునేది. టీ తెప్పించేవాణ్ణి. నా బల్ల మీద ఎప్పుడూ పెళ్ళిళ్ళవీ తొట్టెలవీ కార్డులు పడి ఉండేవి. రిటైరవబోయేవాడికి అందరూ చుట్టాలే. ఒకరోజు ఒక తొట్టెల కార్డు తీసి, "గీ పోరని పేరేంది?" అంది.

"అద్విక్."

"యే దేవునిది?"

"దేవునిది కాదవ్వా. సాటి లేనోడు అని అర్థమంట."

"గిదో?"

"రివాన్. సూర్యుని మొదటి కిరణం అని రాసిండ్రు." అది నిజంగా ఏ భాషలో అలా అర్థమో నాకు తెలియదు. ఈ కార్డుల్లో ప్రతి పేరుకూ అర్థం కింద ఉంటుంది, సగం పేర్లకు సూర్యుడి కిరణమే. అవ్వ కాసేపు ఆలోచించింది.

"మరి రాత్రి పుడితె?"

నేను ఇంకో కార్డు తీశాను. దాంట్లో శివాంశ్ అని ఉంది. శివుని అంశ, అంటే శివుడిలో ఒక ముక్క అని చెప్పాను. అవ్వకు నవ్వొచ్చింది. "ముక్కలెందుకురా? మా కాలంల దేవున్ని మొత్తమే పెట్టుకుంటుంటిమి."

అది మాత్రం నిజం. నా బడిలో పేర్లన్నీ చుట్టుపక్కల గుళ్ళ నుంచీ దర్గాల నుంచీ వచ్చినవే. మల్దకల్ మొక్కుకుంటే తిమ్మప్ప. కృష్ణ ఒడ్డున మొక్కుకుంటే ఏకంగా బీచుపల్లి, ఊరి పేరే మనిషికి. కురుమూర్తి జాతరలో మొక్కుకుంటే కుర్మయ్య. ఉరుకుందకు పోతే ఈరన్న. పీర్ల పండుగకు మొక్కుకున్న హిందువుల ఇళ్ళలో హుసేనప్పలు, మౌలాలీలు. పేరు చెబితే వాళ్ళమ్మ ఏ గుడి మెట్లెక్కిందో తెలిసేది. ఆ తర్వాత శ్రీనివాసులు, రమేశ్‌లు, సురేశ్‌లు వచ్చారు. తర్వాత ప్రతి పేరు ముందరా ఒక సాయి చేరాడు. ఇప్పుడు పేరు ఫోనులోంచి వస్తుంది. నా తరగతిలో నలుగురు తిమ్మప్పలుంటే పొడుగు తిమ్మప్ప, మెల్లకన్ను తిమ్మప్ప అని గుర్తుపెట్టుకున్నాం. సాటి లేనివాడు అని వెతికి వెతికి పెట్టుకున్న పేరు ఇప్పుడు మా వీధి ప్లేస్కూల్లో ముగ్గురికి ఉంది. వాళ్ళను టీచరమ్మ ఇంటిపేరులో మొదటి అక్షరం పెట్టి పిలుస్తోంది. మెల్లకన్ను అంటే తల్లిదండ్రులు ఊరుకోరు.

అవ్వ అభ్యంతరం అర్థం మీద కాదు. "పేరంటె గీ గట్టు మీదికెల్లి పిలిస్తె ఆ గట్టు మీదోడు తలెత్తాలెరా. తిమ్మప్పా... అను, ఎంత దూరం పోతదో. గిప్పటి పేర్లు నోట్లనే నానిపోతయ్, చాయల బిస్కెట్ లెక్క." ఆమె అన్నది ఒకసారి మైకులో పరీక్షించాలనిపించింది గానీ, ఉద్యోగం ఇంకా ఆరునెలలు ఉండె.

ఆమె ఆదివారం చర్చికి పోయేది, మంగళవారం జమ్ములమ్మ గుడికి పోయేది. పాస్టరు గారు ఒకసారి ఈ కొనుడు అమ్ముడు మానుకొమ్మని, అది మూఢనమ్మకమని గట్టిగా చెప్పాడట. "ఏసుప్రభువు గూడ పశువుల కొట్టంలనే పుట్టె గదయ్యా," అందట అవ్వ. "పెంట లేని కొట్టం యాడనన్న ఉన్నదా?" పాస్టరు మంచివాడు, నవ్వి ఊరుకున్నాడు. అయినా కాలం ఆయన పక్షానే నడిచింది. ఆస్పత్రులు వచ్చాయి, పిల్లలు నిలుస్తున్నారు, పెంటయ్యలు పుట్టడం ఆగిపోయింది. చివరి తిప్పన్నకు ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. అవ్వను కొనమని అడిగేవాళ్ళు లేకపోయారు.

మళ్ళీ అడిగింది మేమే.

నా కూతురిని వనపర్తి ఇచ్చాం. అల్లుడు అక్కడ జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. మొదటి కాన్పు కడుపులోనే పోయింది. రెండోది వారం ఉండి పోయింది. మూడోసారి నెలలు నిండకముందే మగపిల్లవాడు పుట్టాడు. దవాఖానలో గాజుపెట్టెలో పెట్టారు. అక్కడి నుంచి బయటపడి గద్వాల మా ఇంటికి వచ్చాక నా కూతురు నిద్రపోవడం మానేసింది. పిల్లవాడు పడుకుంటే చాలు, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేది. తీసేది, మళ్ళీ పెట్టేది. అన్నం తింటూ ఎడమ చేత్తో చూసేది. డాక్టరు బాగున్నాడన్నాడు. అల్లుడు బరువు పెరుగుతున్న కాగితం చూపించాడు. ఆమె తల ఊపి, వేలు పెట్టి చూసింది. ఇట్లా అయితే పిల్లవాడి సంగతేమో గానీ తల్లి దక్కదని నా భార్య వంటింట్లో ఏడ్చింది. నాకూ అదే భయం.

ఒక పొద్దున నా కూతురు నా ముందర కూర్చుంది. ఎమ్మెస్సీ చదివిన పిల్ల. చిన్నప్పుడు నా పాత పేరు విని స్నేహితుల ముందర సిగ్గుపడిన పిల్ల.

"నాన్నా, నిన్ను కొన్న అవ్వ ఉందా ఇంకా?"

అల్లుడు ముందు ఇది సైన్సుకు విరుద్ధం అన్నాడు. భార్య ముఖం చూసి, సరే, కానీ ఒక షరతు అన్నాడు. బర్త్ సర్టిఫికెట్‌లో మాత్రం తను పెట్టిన పేరే ఉండాలి, హృదాంశ్ అని. ఆ పేరుకు ఎన్ని అక్షరాలుంటే పిల్లవాడికి మంచిదో న్యూమరాలజీ ఆయన్ను అడిగి, ఇంగ్లీషులో ఒక అక్షరం ఎక్కువ చేర్పించుకుని వచ్చాడు మరి. సైన్సు ఎక్కడ ఆగుతుందో ఒక్కొక్కరికి ఒక్కో చోట.

ఊరికి పోయాక అసలు చిక్కు తెలిసింది. పెంటకుప్ప లేదు. మా కొట్టం తీసేసి తమ్ముడు ట్రాక్టరుకు షెడ్డు వేశాడు, వాకిలంతా గచ్చు చేయించాడు. ఎవరింట్లోనూ ఎద్దుల్లేవు, పాలు అయిజ నుంచి ప్యాకెట్లలో వస్తున్నాయి. ఊరంతా వాకబు చేస్తే ఒక్కటంటే ఒక్క పెంటకుప్ప తేలింది, అది కింది వాడలో, అవ్వ పక్కింటివాళ్ళ బర్రెది. ఎప్పుడూ అవ్వే మా పెంట దగ్గరికి వచ్చేది. మా ఇంటివాళ్ళు ఆమె ఇంటికి పోయిన దినం నాకు తెలిసి లేదు. ఇప్పుడు కారు ఆ సందులో పట్టక, దిగి నడిచాం.

అవ్వ గడప ముందర కాళ్ళు చాపుకుని శెనక్కాయలు ఒలుస్తోంది. లేవలేదు.

"ఏంరా పెంటిగా, ఇంటిల్లిపాదీ వచ్చిండ్రు. ఎవరన్న సచ్చిండ్రా?"

"ఎవరు సావొద్దనే వచ్చినమవ్వా," అన్నాను.

నా కూతురే ముందుకు పోయి చెప్పింది. ఇద్దరు పోయారని చెప్పింది, వీడికి కూడా ఏమవుతుందోనని చెప్పింది. అవ్వ ఒలవడం ఆపి ఆమె చేతివైపు చూసింది. మాట్లాడుతూనే ఆ చేయి పిల్లవాడి ముక్కు దగ్గరికి పోతోంది.

"నా కీళ్ళు వంగయ్ బిడ్డా. నువ్వే పెట్టు, నువ్వే తీసియ్యి. నేను పక్కన నిలవడి కొంట."

చాట తెచ్చాం. అల్లుడు సంచీలోంచి కొత్త ప్లాస్టిక్ కవరు తీసి పెంటకుప్ప మీద నీటుగా పరిచాడు, దాని మీద తెల్ల టవల్ పరిచాడు. అవ్వ అతని పనితనం శ్రద్ధగా చూసింది. "మంచిగున్నది నాయినా. యముడు వచ్చి పెండ్లి పందిరనుకుంటడు," అంది. అల్లుడు ముఖం ఎర్రబడింది గానీ ప్లాస్టిక్ తీయలేదు.

నా కూతురు చాట పెట్టింది. అవ్వ పిడికెడు తవుడు ఆమె కొంగులో పోసి పిల్లవాణ్ణి అందుకుంది. రొమ్ముకు ఆనించుకుని గడప మీద కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. నా భార్య జొన్నలు పోసిన చాట, దాని మీద గద్వాల చీర పెట్టి ముందుకు జరిపింది.

"ఇయ్యవ్వా మా పిల్లగాన్ని."

"కొన్న గద," అంది అవ్వ. "మల్ల అమ్ముత అని ఎవరన్నరు?"

మేం నవ్వాం. అవ్వ నవ్వలేదు. మా నవ్వు ఆగిపోయింది. నా కూతురు అక్కడే నేల మీద కూలబడింది.

"గీ వాడకు యముడు రాడనుకుంటుండ్రా మీరు?" అవ్వ పిల్లవాడి ముఖంలోకి చూస్తూనే అంది. గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచకుండా మాట్లాడటం నేను వినడం అదే మొదలు. "మీ అందరికంటె ముందుగాల మా ఇండ్లకే వస్తడు. నాకు గూడ పుట్టినోడు ఒకడు పోయిండె. రెండోసారి మల్ల కొడుకే పుట్టిండు. నేను గూడ చాట పట్టుకోని మీ అమ్మ తానికి పోయిన పెంటిగా. నువ్వు కొనమ్మా అన్న. మీ అమ్మ చెడ్డామె గాదు. నవ్వింది. పిచ్చిదానా, మా ఇంటి బిడ్డంటె ఇంకింత జల్ది వస్తడే అన్నది. నిజమే గద. కిందికి అమ్మాలె. మాకు కింద ఎవరున్నరు?"

పక్కింటి బర్రె తోక కొట్టుకుంటోంది.

"గందుకె నేను ఉన్నంతల పెద్ద పేరు పెట్టిన. మారాజు అని. పేరు ఇని జర బెదురుతడేమో అని. పెరిగిండు, పెండ్లయింది, బిడ్డ పుట్టింది. పుణె పోయిండు మేస్త్రీ కింద పనికి. గోడ గూలింది." ఆమె పిల్లవాడి టోపీ సర్దింది. "ఎవడు బెదరలె."

అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్ళు. అవ్వకు ఆ కొడుకు ఉండేవాడన్న సంగతి తెలుసు, పోయాడన్న సంగతీ తెలుసు. అతని పేరు మాత్రం ఆ రోజే విన్నాను. మా అమ్మ మీద కోపం వచ్చింది. పోయి పదేళ్ళయిన మనిషి మీద కోపం తెచ్చుకుని ఏం చేస్తాం.

"మరి నువ్వు నమ్మనప్పుడు, ఇంతమందిని ఎందుకు కొన్నవవ్వా?" నా కూతురు అడిగింది.

"మీ అమ్మలందరు ఏడ్సుకుంట వస్తుండిరి గద బిడ్డా." అదేమంత పెద్ద విషయం కాదన్నట్టే అంది. "నువ్వు గూడ ఏడుస్తున్నవ్ గద."

ఇంత చెప్పాక చేతులు చాపి పిల్లవాణ్ణి నా కూతురి ఒళ్ళో పెట్టింది. నా కూతురు వాణ్ణి పొదువుకుని, ముక్కు తుడుచుకుని, "వానికి నీ కొడుకు పేరే పెట్టవ్వా. మారాజు అని. నేను గట్లనే పిలుస్త," అంది.

నా కళ్ళు తడిశాయి. ఇంత మంచి మాట నాకెందుకు తట్టలేదా అనుకున్నాను. నా బిడ్డ ఒక్క మాటతో మా అమ్మ నవ్వును తుడిచేసిందని కూడా అనుకున్నాను. ఇప్పుడు అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంది, మేం ఓదారుస్తాం, మంచిగా ఇంటికి పోతాం. అల్లుడు కూడా, ఒకవేళ ఏడిస్తే ఇవ్వడానికి, జేబులోంచి కర్చీఫు తీశాడు.

"ఇయ్య," అంది అవ్వ.

"అవ్వా..."

"ఇయ్య బిడ్డా. మీకు శానా పేర్లిచ్చిన. గది నా పిల్లగానిది. గది ఎవరికియ్య."

నా కూతురు తల దించుకుంది. కర్చీఫు మళ్ళీ జేబులోకి పోయింది. అవ్వ కొంచెంసేపు శెనక్కాయలు ఒలిచింది. ఆ పిల్ల తల దించుకునే ఉండటం చూసి, నా వైపు గడ్డం ఎగరేసింది.

"మీ నాయినది ఉన్నది సూడు. ఊకెనే పడి ఉన్నది, వాడుకుంట లేడు. గది తీస్కో. తాతది మన్మనికి పెట్టుకునేది మంచిదే గద."

చీర తీసుకుంది. జొన్నలు మాత్రం, పళ్ళు లేవు, బియ్యం పంపియ్యి అంది. పంపించాను.

పిల్లవాడు నిలిచాడు. గాజుపెట్టె వల్ల అని అల్లుడు, అవ్వ చేయి వల్ల అని నా భార్య. ఇంగ్లీషులో చేర్చిన అక్షరం వల్ల అని న్యూమరాలజీ ఆయన కూడా చెప్పుకుంటూ ఉంటాడు. నేను ఎవరితోనూ వాదానికి పోను. నాకు తెలిసింది ఆ రోజు తిరుగు ప్రయాణం మాత్రమే. నేను ముందు సీట్లో ఉన్నాను, వెనక తల్లి ఒళ్ళో వాడు నిద్రపోతున్నాడు. అయిజ దాటేదాకా నా కూతురు వేలు వాడి ముక్కు దగ్గరికి పోతూనే ఉంది. తర్వాత అద్దంలో చూస్తే ఆ చేయి ఆగింది. ఆమె వంగి, ఎవరూ వినకూడదన్నట్టు, మొదటిసారి పిలిచి చూసింది.

"పెంటయ్యా."

"ఆఁ," అన్నాను నేను. వెనక్కి కూడా తిరిగాను.

"నిన్ను కాదు నాన్నా," అంది. "నీది అవ్వ ఇచ్చేసింది గద."